ఉయిలులో వచ్చిన నవ్వు

ఉద్యోగ విరమణ తర్వాత కూడా కొన్ని ఉన్నత పాఠశాలలవారు వీడ్కోలు సభలకు నన్ను పిలుస్తూ వచ్చారు. పిలిచిన చోటికల్లా వెళ్ళాను. దండ వేయించుకున్నాను, నాలుగు మంచిమాటలు చెప్పాను. కానీ వెళ్ళిపోయే పిల్లలు తమ అలవాట్లనూ గుణాలనూ కింది తరగతివారికి హాస్యంగా పంచిపెట్టే ఘట్టం వచ్చేసరికి, మంచినీళ్ళ నెపంతో లేచి వరండాలోకి వచ్చి నిలబడేవాణ్ణి. ఒకచోట ఒక యువ ఉపాధ్యాయురాలు నా వెనకే వచ్చి, "మా పిల్లలు ఏమైనా తప్పుగా మాట్లాడినారా సార్?" అని కంగారుగా అడిగింది. లేదన్నాను. ఆమెకు ఆనాడు చెప్పలేకపోయిన సమాధానాన్ని, ఆమె వంటి యువ ఉపాధ్యాయులందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

పంతొమ్మిది వందల అరవైల మధ్యలో, వానలు వరుసగా తప్పిన కాలంలో, నేను కన్నడ రాష్ట్రపు సరిహద్దున ఉన్న బాగేపల్లిలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే సహాయోపాధ్యాయుణ్ణి. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. మా నాయన సంతకం చేయడం నేర్చుకున్నది నా కాలేజీ దరఖాస్తు మీద పెట్టడం కోసమే. అందుచేతనే కాబోలు, నాకు కాగితం మీద గౌరవం ఎక్కువ. రాసినది పద్ధతిగా ఉంటే లోకం కూడా పద్ధతిగా నడుస్తుందని నమ్మేవాణ్ణి. ఎండాకాలంలోనూ కోటు తొడుక్కొని పాఠశాలకు వెళ్ళేవాణ్ణి. బజారులో పిల్లలు నన్ను దూరం నుంచే గుర్తుపట్టి సందుల్లోకి తప్పుకునేవారు.

మా పాఠశాలలో చదువంతా కన్నడంలోనే. ప్రార్థన, ప్రసంగం, తిట్టు, అన్నీ కన్నడమే. పిల్లలు ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు. ఏడాదికి ఒక్క రోజు, ఒక్క అరగంట, ఆ తెలుగుకు వేదిక మీద చోటు దొరికేది. ఎస్.ఎస్.ఎల్.సి., అంటే పదో తరగతి పిల్లల వీడ్కోలు సభలో అధ్యక్షోపన్యాసం ముగిశాక 'ఉయిలు' చదివేవారు. వీలునామాను కన్నడంలో ఉయిలు అంటారు. మా ప్రాంతపు తెలుగువారికీ అదే మాట అలవాటు. వెళ్ళిపోయే ప్రతి విద్యార్థీ తన సొత్తుగా పేరుపడిన గుణాన్ని కింది తరగతిలోని ఒకరికి రాసిచ్చేవాడు. దస్తావేజులు రాసేవారు తాలూకా కచేరీ వరండాలో కూర్చొని గొంతెత్తి చదివే భాషను మా పిల్లలు బడికి వచ్చే దారిలో విని విని కంఠస్థం చేసినవారే. అందువల్ల ఆ ఉయిలు వినడానికి అచ్చం కచేరీలో పుట్టినట్టే ఉండేది.

నేను చెప్పబోయే ఏడాది, ఎస్.ఎస్.ఎల్.సి. తరగతికి నేనే తరగతి ఉపాధ్యాయుణ్ణి కనుక, ఉయిలును ముందుగా చూసి సరిదిద్దే పని నాకు వచ్చింది. దాని ఎత్తుగడ ఇప్పటికీ గుర్తుంది: "బాగేపల్లి తాలూకా నివాసులమైన మేము, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా, గణితం తప్ప మరే రోగమూ లేని కాలమందు రాసి చదివించిన ఉయిలు ఏమనగా..." ఆ 'గణితం' నన్ను ఉద్దేశించినదే. కొట్టివేయలేదు. వ్యాకరణం మాత్రం సరిచేశాను.

సభనాడు పిల్లలు పగలబడి నవ్వారు. ఒకడు చరిత్ర పాఠంలో కళ్ళు తెరుచుకునే నిద్రపోయే విద్యను రాసిచ్చాడు. ఒకడు పాతపాళ్యం బస్సు పంచరైందన్న సాకును, ఆ బస్సు ఎక్కనివారు సైతం వాడుకొనే హక్కుతో ఇచ్చాడు. పేరేసంద్ర నుంచి వచ్చే కుర్రవాడు పక్కవాడి రాగిముద్దను వాసనతోనే తూకం వేసే తన ముక్కును తొమ్మిదో తరగతిలోని ఒక బక్కపిల్లవాడికి ధారపోశాడు. హెడ్ మాస్టరుగారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

చివరగా లేచినవాడు పాతపాళ్యం దాటి కొండల వైపున్న ఒక పల్లె పిల్లవాడు. మెట్టరైతు కొడుకు. చదువులో సామాన్యుడు, గణితంలో అంతకంటే తక్కువ. వాడిని పాఠశాల అంతా ఎరిగి ఉండటానికి కారణం వాడి నవ్వు. ముందు రెండు ఎక్కిళ్ళు వచ్చేవి. తర్వాత, ఎండిపోయిన చేతిపంపు కొట్టినప్పుడు నీళ్ళు రాక గాలి మాత్రమే వచ్చినట్టు ఒక శబ్దం. తరగతి అంతా ఊపిరి బిగబట్టేది. ఆ పైన ఒక్కసారిగా నీళ్ళు పడేవి. వాడు నవ్వితే పక్క తరగతిలో పాఠం ఆగేది. కన్నడ పండితులవారు అయితే సుద్దముక్క పక్కన పెట్టి, వాడి నవ్వు పూర్తయ్యేదాకా చేతులు కట్టుకొని నిలబడేవారు. "ఇది కూడా పాఠమే" అనేవారు.

వాడు చదివింది ఇది: "నాకు భూమి లేదు, బంగారం లేదు. నా స్వార్జితం ఒక్క నవ్వు. దానిని తొమ్మిదో తరగతి మొదటి బెంచీలో కూర్చొని, నేటి వరకు ఎవరికీ పంటికొస చూపించని ఫలానావారి కుమార్తెకు రాసి ఇచ్చినాను. సదరు నవ్వును ఆమె దానవిక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలసినది."

మగపిల్లవాడు ఆడపిల్లకు బహిరంగంగా ఏదైనా ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. సభకు ముందు రోజు, ఉయిలు దిద్దుతూ ఆ వాక్యం దగ్గర నేను ఆగి, ఇది ఎందుకు రాశావని వాణ్ణి అడిగాను.

"ఆ పాపే అడిగింది గదా సార్," అన్నాడు. "మాకేమీ రాదా అని."

నిజమే. కొన్ని రోజుల కింద నేను తొమ్మిదో తరగతికి వెళ్ళి సభ సంగతి చెప్పినప్పుడు, ఆ అమ్మాయి లేచి నిలబడింది. బజారులో కిరాణా అంగడి ఉన్న వర్తకుని కూతురు. గణితంలో పాఠశాల మొత్తానికి మొదటిది. ఉన్న కొద్దిమంది ఆడపిల్లలలో అందరికంటే మౌనంగా ఉండేది. "ప్రతి ఏడూ మొగపిల్లోళ్ళకే రాసిస్తారు గదా సార్. మాకు భాగం లేదా?" అంది. తరగతి అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. జవాబు వచ్చేదాకా నిలబడే ఉంది. నేను "చూద్దాం, కూర్చో" అన్నాను. ఆ మాట కిటికీ దాటి పై తరగతికి చేరినట్టుంది.

సభలో తన పేరు వినగానే ఆమె లేచి, రెండు చేతులూ చాచి, నవ్వును అందుకున్నట్టు నటించి, చేతిసంచిలో వేసుకొని కూర్చుంది. ఆనాటి చప్పట్లలో పెద్దవి ఆమెకే దక్కాయి.

పరీక్షలు ముగిశాయి. మే నెలలో ఆ పిల్లవాడి తండ్రి తన బావిని ఇంకా లోతు చేయించడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది మా తాలూకాలో తవ్వని బావి లేదు. కూలి తగ్గుతుందని ఇంటివారే దిగేవారు. పిల్లవాడు అడుగున నిలబడి తట్టలకు మట్టి ఎత్తుతుండగా పక్కగోడ జారింది. వాణ్ణి పైకి తీయడానికి ఊరంతా కలిసి తవ్విన మట్టి, అంతకుముందు నీళ్ళ కోసం తవ్విన మట్టి కంటే ఎక్కువ అని తర్వాత చెప్పారు. నీళ్ళు మాత్రం పడలేదు.

జూన్‌లో పాఠశాల తెరిచాక సంతాపసభ పెట్టాం. అప్పటికి ఫలితాలు వచ్చి ఉన్నాయి. వాడు ఒక్క సబ్జెక్టులో తప్పాడు, నేను చెప్పిన గణితంలోనే. సభలో ఆ ప్రస్తావన ఎవరూ తేలేదు.

పిల్లలందరూ మైదానంలో నిలబడి మౌనం పాటించారు. హెడ్ మాస్టరుగారు రెండు మాటలు చెప్పి సభ ముగించబోతుండగా, పండితులవారు ముందుకు వచ్చారు. ఆయన చేతిలో ఆ ఉయిలు ఉంది. ఆ పిల్లవాడిని ఆయన ఎంతగా ప్రేమించారో మాకందరికీ తెలుసు. వాడి మాటలను వాడికే అంజలిగా చదవాలని ఆయనకు అనిపించింది. ప్రేమతో చేసిన పొరపాటును ఆపడానికి ఏ నియమమూ ఉండదు; మేమెవరమూ ఆపలేదు. "నాకు భూమి లేదు, బంగారం లేదు" అని ఆయన మొదలుపెట్టారు. "ఎవరికీ పంటికొస చూపించని" అన్న దగ్గరికి వచ్చేసరికి, ఆడపిల్లల వరుసలో నుంచి రెండు ఎక్కిళ్ళు వినిపించాయి.

ఆ తర్వాత పంపులో గాలి శబ్దం. ఆ తర్వాత నవ్వు.

అది వాడి నవ్వే. ఎత్తులో గాని, విరుపులో గాని తేడా లేదు. ఆమె ముఖాన కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. నోట్లో నుంచి ఆ నవ్వు వస్తూనే ఉంది. పక్కనున్న పిల్లలు కేకలు వేసి దూరంగా పరుగెత్తారు. పండితులవారి చేతిలో కాగితం కింద పడింది. ఆ నవ్వును నోరు మూసి ఆపింది ఆ అమ్మాయే, తన రెండు చేతులతో.

సాయంత్రానికి బజారంతా ఒకటే మాట: సచ్చిన పిల్లోడు ఆ పాప నోట్లో నగినాడు.

మరునాటి నుంచి ఆమె పాఠశాలకు రాలేదు. వారం చూసి, హెడ్ మాస్టరుగారిని అడిగాను. ఆయన మంచివారు, రిటైరు కావడానికి దగ్గరగా ఉన్నవారు. "ఇది నమ్మకాల సంగతి. మనం తల దూర్చకూడదు. ఈ ఏడాది వదిలేయండి" అన్నారు. ఇకమీదట ఉయిలు అనే మాటే పాఠశాలలో వినబడకూడదని ఆజ్ఞాపత్రం కూడా తిప్పారు. పండితులవారు దాని మీద సంతకం చేసి, ఆ తర్వాత చాలా కాలం పాఠ్యపుస్తకంలో ఉన్నది తప్ప మరో మాట తరగతిలో మాట్లాడలేదు.

ఏడాది వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమె ఎస్.ఎస్.ఎల్.సి. ఏడాది అది. మా పల్లెల్లో చదువు ఒకసారి ఆగితే మళ్ళీ మొదలుకావడం నేను చూడలేదు. ఆడపిల్లల విషయంలో విననైనా లేదు. కోటు తొడుక్కొని, ఆమె ఇంటికి వెళ్ళాను.

ముందు అంగడి, వెనక ఇల్లు. తండ్రి గల్లా దగ్గర నుంచి లేచి నమస్కరించాడు. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపల మిరపకాయల పొగ ఇంకా ఘాటుగా ఉంది. అమ్మాయి నడవలో గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ముంజేతుల మీద మండలతో కొట్టిన గీతలు. నన్ను చూసి లేవబోయింది. పక్కనున్న ముసలమ్మ, అంటే తండ్రికి తల్లి, ఆమె భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టింది.

నేను చదువుకున్న తర్కమంతా అక్కడ విప్పాను. మనసులోని దుఃఖం శరీరంలో ఎట్లా బయటపడుతుందో, అనుకరణ అంటే ఏమిటో వివరించాను. తండ్రి వినయంగా విన్నాడు.

"మీరు సదువుకున్నోళ్ళు అయివారప్పా. మీరు సెప్పేది మాకు అర్థమైతాంది. బజారోళ్ళకి యాడ అర్థమైతాది?" అన్నాడు. "చింతామణిలో మా బావమరిది కొడుకుండాడు. ఈ మాట ఆడికి పోకముందే, దసరాలోగా పెండ్లి పని ముగించేస్తాం. ఇస్కూలు సాలు."

"మార్కులు చూడండి. ఈ అమ్మాయి కాలేజీ దాకా..."

"ఆడపిల్లకి ఆస్తి వొద్దురా అంటే ఇన్యారా?" ముసలమ్మ మధ్యలో అందుకుంది. "మా ఇంట్లో ఏ ఆడదానికైనా ఎవురైనా ఏమైనా రాసిచ్చినారా? దీనికి రాసిచ్చినారు సూడు. సచ్చినోడి సొత్తు!"

"అది వేళాకోళం అవ్వా. కాగితం మీద ఊరికే..."

"ఊరికే రాస్తారా ఎవురైనా ఉయిలు? పోయేముందు గదా రాస్తారు! వాడు రాసినాడు, పోయినాడు. ఇది సేతులు సాపి తీసుకునింది. ఇచ్చినోడు వాపసు తీసుకుంటే తప్ప పోదు. వాడు యాడుండాడు ఇప్పుడు?"

 తాలూకా కచేరీ వరండాలో ఆ దస్తావేజుల భాషను నేను కూడా చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణే. ఏ పట్టా నేర్పని మాట ఒకటి నోటికి వచ్చింది.

"ఇచ్చినవాడు లేకపోతే, వాడి వారసులు వాపసు తీసుకోవచ్చు గదా అవ్వా?"

ముసలమ్మ నన్ను మొదటిసారి సూటిగా చూసింది. "తీసుకోవచ్చు," అంది. "వాళ్ళు వొచ్చి, మేం తీసుకున్నామని నోరిప్పి సెప్పల్ల."

ఆదివారం పాతపాళ్యం దాకా బస్సులో వెళ్ళి, అక్కడ నుంచి నడిచాను. చేలన్నీ దున్ని వదిలేసి ఉన్నాయి. విత్తనం వేయడానికి వాన లేదు. ఊరి మొదట్లోనే ఆ బావి కనిపించింది. కొత్త మట్టి గట్టు మీద ఎర్రగా ఉంది. చుట్టూ కంప వేశారు. ఇంటి ముందు పందిరి కింద ఆ పిల్లవాడి తల్లి చింతపండు కొట్టి గింజ తీస్తూ ఉంది. తండ్రి లోపల గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. నేను ఉన్నంతసేపూ ఇటు తిరగలేదు.

నేను ఎవరో చెప్పాను. ఆమె గోనె దులిపి వేసింది.

"పాసైనాడా అప్పా?" అని అడిగింది ముందుగా.

నేను అబద్ధం చెప్పడానికి వెళ్ళలేదు. "లేదమ్మా. లెక్కల్లో పోయింది."

ఆమె సుత్తి ఎత్తి ఒక కాయ కొట్టింది. "పోనీలే. పాసైనా ఫేలైనా ఆ బాయిలో దిగాల్సినోడే గదా," అంది.

నేను వచ్చిన పని చెప్పాను. వీడ్కోలు సభ, ఉయిలు, నవ్వు, సంతాపసభ, ఆ అమ్మాయి, వేపమండలు. ఎక్కడా తొందరపడకుండా, ఆమె తలెత్తినప్పుడల్లా ఆగి చెప్పాను. ఆమె చేతిలో పని ఎప్పుడో ఆగిపోయింది.

"మా వోడు నగుతాండెనా?" అంది.

ప్రశ్న నాకు అర్థం కాలేదు. "వాడి నవ్వు తెలియనివాళ్ళు మా ఇస్కూల్లో లేరమ్మా."

"వాడా?" ఆమె లోపలికి, గోడవైపు తిరిగి ఉన్న మనిషివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఈ ఇంట్లో వాడు నగింది నేను సూడనే లేదు సామీ. బువ్వ తింటాడు, గొడ్లకి మేత యేస్తాడు, పండుకుంటాడు. ఏమన్నా అంటే తల దించుకుంటాడు. ఆయప్పకి కోపం జాస్తి. నగేదానికి యాడుండాది ఇక్కడ?" మళ్ళీ నావైపు తిరిగి, "ఎట్ల నగుతాండె? సూపించు," అంది.

నేను ప్రయత్నించాను. పాఠశాలలో ఏ విద్యార్థీ నా ముఖాన నవ్వు చూసి ఎరగడు. ఆ పందిరి కింద, కోటుతో, గోనె మీద కూర్చొని, నోరు తెరిచి రెండు ఎక్కిళ్ళు తెచ్చుకున్నాను. ఆ తర్వాతి గాలి శబ్దం మాత్రం నాకు రాలేదు. ఆమె చాలాసేపు నా నోటివైపే చూసి, చూపు తిప్పుకుంది.

"ఆ పాపకి వొస్తాదా?"

"వస్తుందమ్మా."

"సంత దినం చింతపండు తెస్తాను. ఆ పాప ఇల్లు సూపించు," అంది.

సంతనాడు ఆమె తట్ట నెత్తిన పెట్టుకొని అంగడి ముందు దిగింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొందరు సాక్ష్యానికన్నట్టు అరుగు మీద చేరారు. ముసలమ్మ ఎదురొచ్చింది. ఎవరు ఎవరికి నమస్కరించాలో ఇద్దరికీ తెలియలేదు.

"యాడ పాప?" అంది పిల్లవాడి తల్లి.

అమ్మాయిని నడవలోకి తెచ్చారు. ఆమె సంతాపసభ నాటి నుంచి గొంతెత్తి మాట్లాడలేదని తండ్రి నాతో చెప్పాడు. తల్లి ఆమె ఎదురుగా నేల మీద కూర్చొని, ముందు ముంజేతుల మీది గీతలు చూసింది. ఒక్కొక్క గీతనూ బొటనవేలితో తడిమింది.

"నా కొడుకు ఇచ్చింది తీసుకుపోయేకి వొచ్చినా తల్లీ. ఇయ్యల్లంటే ముందు అది ఏందో నాకు సూపించల్ల గదా. నేను దాన్ని సూడలేదు. వాడు మా ఇంట్లో నగలేదు."

అమ్మాయి తలెత్తింది. "ఇంట్లో నగలేదా?" అంది. అన్ని రోజుల తర్వాత అది ఆమె మొదటి మాట.

"ఒక్క దినమన్నా లేదు."

"ఇస్కూల్లో అయితే..." అమ్మాయి ఆగి ఆగి చెప్పడం మొదలుపెట్టింది. "ఒకసారి లెక్కల సారు బోర్డు మీద లెక్క చేస్తా చేస్తా, వెనక్కి పోయి పోయి, చెత్తబుట్టలో కాలు పెట్టినారు. బుట్టతోనే నడుస్తా మిగతా లెక్క చేసినారు. మేము పక్క తరగతిలో ఉండాం. మాకు నగు ఇనబడింది. మా సారు పాఠం ఆపేసినారు..." ఆమె నావైపు భయంగా చూసింది. అది జరిగింది నాకే. నేను తల ఊపాను.

"ఆ పొద్దు నేను అనుకున్నా, నాకూ అట్ల వొస్తే బాగుంటుందని," అంది. "ఉయిలులో వొచ్చినాక, సెలవుల్లో గోడౌనులో బస్తాల యెనక నేర్చుకుంటా ఉన్నా. తీసుకున్నాక వాడుకోవల్ల గదా! ఎంత చేసినా నడిమి శబ్దం కుదర్లేదు. ఆ దినం సభలో ఏడవల్లని నోరు తెరిస్తే... అదే వొచ్చేసింది. మొదటిసారి సరిగ్గా వొచ్చింది. నేను కావాలని చేయలేదు అత్తా. వాడు నా నోట్లో లేడు."

అరుగు మీద ఆడవాళ్ళు గుసగుసలాడారు. ముసలమ్మ ముఖంలో రంగు మారింది. తల్లి అవేవీ వినలేదు.

"నగు తల్లీ," అంది.

ముందు రెండు ఎక్కిళ్ళు. తర్వాత గాలి శబ్దం, సన్నగా, చాలాసేపు. మేమందరం ఊపిరి బిగబట్టాం. తర్వాత నవ్వు వచ్చింది. తల్లి తల వంచుకొని, కళ్ళు మూసుకొని, చెవి ఒకవైపు చేసి విన్నది. నవ్వు తగ్గిపోతుంటే ఆమె చెయ్యి గాలిలో లేచింది, ఆగవద్దన్నట్టు. అమ్మాయి మళ్ళీ ఊపిరి పీల్చి ఇంకోసారి నవ్వింది.

నవ్వు ఆగాక తల్లి కొంగు పరిచింది. "ఏసెయ్," అంది. అమ్మాయి ఆనాడు సభలో చేసినట్టే రెండు చేతులూ చాచి, కొంగులో దేన్నో వదిలింది. తల్లి ముడి వేసుకొని లేచి, అరుగు మీదివాళ్ళందరికీ వినబడేట్టు చెప్పింది: "నా కొడుకు సొత్తు నాకు వొచ్చేసింది. ఇంక ఈ పాపకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఎవురన్నా మాట్లాడితే నన్ను అడగండి."

పరీక్ష దాకా పెళ్ళి మాట ఎత్తనని తండ్రి నాకు మాట ఇచ్చాడు. సోమవారం అమ్మాయి పాఠశాలకు వచ్చింది. మొదటి బెంచీలో ఆమె పక్కన కూర్చోవడానికి కొన్నాళ్ళు ఎవరూ ఒప్పుకోలేదు. ఆమె పట్టించుకోలేదు. పాఠశాలలో ఆమె మళ్ళీ పంటికొస చూపించడం నేను చూడలేదు.

ఇక్కడితో ముగిస్తే, యువ ఉపాధ్యాయులారా, ఇది నా తెలివిని నేను మెచ్చుకున్న కథ అవుతుంది. కాగితపు భాషతో వచ్చిన కీడును కాగితపు భాషతోనే పోగొట్టానని నేనూ కొన్నాళ్ళు మురిసిపోయాను.

తర్వాతి సంతనాడు సాయంత్రం, బజారులో వెళ్తూ, ఆ తల్లి మళ్ళీ అంగడి మెట్ల మీద కూర్చొని ఉండటం చూశాను. ఆ పై సంతకూ అంతే. చింతపండు అమ్ముకొని, ఏమీ కొనకుండా, అక్కడ కూర్చునేది. అమ్మాయి పాఠశాల నుంచి వచ్చేది. ఇద్దరూ కలిసి గోడౌనులోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. బస్తాల వెనక నుంచి బయటికి వచ్చేది కొంచెమే, కానీ నా వంటివాడికి గుర్తుపట్టడానికి చాలు. గల్లా దగ్గర తండ్రి ఆ సమయానికి తూకపురాళ్ళు గట్టిగా సర్దేవాడు. ముసలమ్మకు చెవులు బాగా వినబడేవి. ఆ కాసేపు మాత్రం చెవిటిదయ్యేది. తల్లి బయటికి వచ్చి, కొంగు ముడి తడిమి చూసుకొని, తట్ట ఎత్తుకొని బస్సుకు వెళ్ళిపోయేది.  

వాపసు తీసుకోవడమని మేమందరం పేరు పెట్టినదాన్ని ఆమె వాయిదాల మీద తీసుకుంటూ ఉంది. ఏడాదంతా తీసుకుంది.

అమ్మాయి పరీక్ష రాసింది. గణితంలో తాలూకాలో ఆమెను మించినవారు లేరు. తండ్రి ఇచ్చిన మాట పరీక్ష దాకానే కనుక, ఫలితాలు రాకముందే చింతామణి సంబంధం ముగించారు. కాలేజీ సంగతి ఎత్తడానికి నేను ఇంకోసారి కోటు తొడుక్కొని వెళ్ళాను. "మీ మాట ఒకసారి ఇన్నాం గదా అప్పా" అన్నాడు తండ్రి. అందులో అన్యాయం ఏమీ లేదు, విన్నారు. పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురు నాకు నమస్కరించి, "సంత దినానికి ఒక మాట చెప్పండి సార్," అంది. ఎవరికో చెప్పలేదు. చెప్పనవసరం లేదు.

కానీ మా పల్లెలకు కబురు ఆలస్యంగా చేరేది. ఆ సంతనాడు నేను బజారుకు వెళ్ళేసరికే ఆ తల్లి మెట్ల మీద కూర్చొని, అమ్మాయి కోసం ఎదురుచూస్తూ ఉంది. నేను దగ్గరకు వెళ్ళేలోగా ముసలమ్మ లోపల నుంచి వచ్చి, గోడ పట్టుకొని మెల్లగా, ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. పెళ్ళైపోయిందని చెప్పింది కాబోలు. తల్లి తల ఊపింది. లేవలేదు.

 బస్సు వచ్చింది, పోయింది. చివరికి ముసలమ్మ రెండుమూడు సార్లు నోరు తెరిచి మూసి, పక్కనున్నామె కొంగు ముడి మీద చెయ్యి వేసింది.

"నాకు రాదు తల్లీ ఆ నగు," అంది.

"తెలుసులే అవ్వా," అంది ఆ తల్లి.